ఇద్దరినీ ఒక్కరనుకున్న ఏడాది

స్కాలర్‌షిప్ సెక్షన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నాలుగు రోజుల క్రితం ఫోన్ చేశారు. "మేడం, మీ అనుభవం జర చెప్పుండ్రి, మాకు పనికొస్తది" అన్నారు. నేను చేసిన మంచి పనుల గురించి అడుగుతున్నారని అర్థమైంది. ఆ సంగతులు నా రిటైర్మెంట్ రోజున శాలువా కప్పి చాలామంది చెప్పారు. వాటిలో సగం నాకే కొత్త. మీకు నిజంగా పనికొచ్చేది నేను చేసిన ఒక తప్పు. అది రాస్తున్నాను.

మా ఊరు వేములవాడ దగ్గర. మా బాపు మరమగ్గాల మీద పని చేసేవాడు. నేను డిగ్రీ చదివింది సర్కారు స్కాలర్‌షిప్‌తోనే. కరీంనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా గుమాస్తాగా పని చేశాక సూపరింటెండెంట్‌గా ప్రమోషన్ ఇచ్చి ఆదిలాబాద్ పంపారు. ఒక గది అద్దెకు తీసుకున్నాను. శనివారం బస్సెక్కి ఇంటికి పోవడం, ఆదివారం సాయంత్రం మళ్లీ బస్సెక్కడం. ఆదిలాబాద్ చలి నాకు అంతకుముందు తెలియదు. డిసెంబర్‌లో ఆఫీసులో అందరం మఫ్లర్లు చుట్టుకుని కూర్చునేవాళ్లం. టైపు చేయాలంటే వేళ్లు వంగేవి కావు.

పని ఎట్లా జరిగేదో రెండు మాటల్లో చెబుతాను. పేదింటి పిల్ల డిగ్రీలో చేరుతుంది. నెట్ సెంటర్‌కు పోయి దరఖాస్తు పెట్టుకుంటుంది. కాలేజీ వాళ్లు దాన్ని చూసి మాకు పంపుతారు. మేము ఆదాయ సర్టిఫికెట్, ఆధార్, మార్కుల మెమో సరిచూసి మంజూరు చేస్తే ఆమె ఫీజు సర్కారు కడుతుంది. లేకపోతే కాలేజీ ఆమెనే కట్టుకోమంటుంది. వారానికోసారి కంప్యూటర్ ఒక జాబితా ఇచ్చేది. ఒకే మనిషి రెండు పేర్లతో పెట్టుకున్నట్టు అనుమానం తగిలిన దరఖాస్తులు అందులో ఉండేవి. పిల్లలను పిలిపించి, అసలు కాగితాలు చూసి, నిజంగానే ఒకరైతే రెండోది కొట్టేయాలి. పిలిపించి చూడాలన్న మాట రూల్స్‌లో స్పష్టంగా ఉంది.

ఆ ఏడాది మొదట్లోనే నేనొక దొంగతనం పట్టుకున్నాను. ఒక కాలేజీ వాళ్లు ఒకే అబ్బాయి ఫొటో మూడు పేర్లకు అంటించి పంపారు. ఒక ఫొటోలో మీసం కూడా గీశారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద అధికారి మీటింగ్‌లో నన్ను లేపి నిలబెట్టి మెచ్చుకున్నారు. అది నా తలకెక్కింది. ఆ తరువాత ఏ దరఖాస్తు తెరిచినా ముందు దొంగ కోసమే వెతికేదాన్ని.

నవంబర్‌లో ఒక జాబితాలో మా జిల్లాలోనే బోథ్ వైపు ఊరి ఆడపిల్ల దరఖాస్తులు రెండు వచ్చాయి. తండ్రి పేరు ఒకటే. ఇంటి నంబరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు కూడా ఒకటే. పిల్ల పేరులో చివరి అక్షరం ఒక్కటే తేడా. ఫొటోలు చూశాను. అదే ముఖం, అదే నుదురు, అవే కళ్లు. రెండో దరఖాస్తును అక్కడికక్కడే కొట్టేశాను. నిమిషం పట్టి ఉండదు.

డిసెంబర్‌లో ఆ పిల్ల ఆఫీసుకు వచ్చింది. సన్నగా ఉంది. ఆకుపచ్చ స్వెటర్ వేసుకుంది. కొట్టేసిన దరఖాస్తు ప్రింటు చేతిలో ఉంది.

"మేడం, నాది రిజెక్ట్ అని చూపెడుతుంది" అంది.

నేను స్క్రీన్ మీద ఫొటో చూశాను, ఆమెను చూశాను. "నీది మంజూరైంది గదా. ఒక్క మనిషికి ఎన్నిసార్లు ఇస్తరు?"

"అది మా అక్కది మేడం. నాది గాదు."

"మీ అక్కా నువ్వు ఒక్కనాడే పుట్టిన్రా?"

"అవును మేడం. కవలలం."

మంచిగా నేర్పి పంపారు అనుకున్నాను. "సరే, ఇద్దరు కలిసి రాండ్రి. పక్కపక్కన నిలవడుండ్రి. నేను చూస్త."

ఆ పిల్ల చేతిలోని ప్రింటు మడిచింది. తరువాత, "ఇద్దరం ఒక్కపారి రాలేం మేడం. బాపు నడుమిరిగి మంచంల ఉన్నడు. కాలేజీ ఒంటిగంటకు అయిపోతది, మేము ఇంటికి రాంగనే అవ్వ చేనుకు పోతది. ఈడికొచ్చి పోవాలంటే పొద్దుమీకుతది. ఒక్కలమన్న ఇంట్ల ఉండాలె" అంది.

నాకు కావలసిన రుజువు దొరికిందనుకున్నాను. ఇద్దరు కలిసి రాలేరంటే ఇద్దరు లేరన్నట్టే కదా. "అట్లయితే నేనేం చెయ్యలేను" అని పంపేశాను.

వారం తరువాత మళ్లీ వచ్చింది. అదే ముఖం, అదే ఆకుపచ్చ స్వెటర్. చేతిలో ఆధార్ జిరాక్సు.

"మేడం, మా చెల్లెకు జ్వరమొచ్చింది. దాని ఆధార్ తెచ్చిన, జర చూడుండ్రి."

నాకు కోపం ఆగలేదు. "పోయిన వారం నువ్వే గదా వచ్చింది! గీ స్వెటర్‌తోనే గదా వచ్చింది! అప్పుడు మా అక్క అన్నవు, ఇప్పుడు మా చెల్లె అంటున్నవా?"

సెక్షన్‌లో అందరూ తలలెత్తారు. ఎవరో నవ్వారు. తరువాత ఇంకొందరు నవ్వారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "నేను గాదు మేడం, అది మా చెల్లె. మాకు స్వెటర్ ఒక్కటే ఉన్నది" అంది. ఆ మాటకు నవ్వు ఇంకా పెరిగింది. జిరాక్సు కాగితం నా టేబుల్ మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ కాగితం నేను చూడలేదు. చూసి ఉంటే ఆధార్ నంబరు వేరే అని తెలిసేది, మీకు రాయడానికి నాకేమీ మిగిలేది కాదు. ఫైల్లో పెట్టించి మరిచిపోయాను.

శివరాత్రి వచ్చి పోయింది. మా ఆఫీసులో ఒక అటెండర్ ఉండేవాడు. బోథ్ అవతలి పల్లె నుంచి వచ్చినవాడు. రిటైర్మెంట్‌కు ఏడాదే ఉంది. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగించేవాడు. పండుగకు ఊరికి పోయి వచ్చాక రెండు రోజులు నా టేబుల్ చుట్టూ ఊరికే తిరిగాడు. అడగకుండానే టీ తెచ్చాడు. మూడో రోజు, "మేడం, ఒక్క మాట. కోపానికి రాకుండ్రి" అన్నాడు.

"చెప్పు."

"అంగట్ల గా పిల్లను చూసిన మేడం. స్వెటర్ పిల్ల."

"అయితే?"

"ఇద్దరున్నరు మేడం."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"పక్కపక్కన నిలవడి గాజులు బేరం చేస్తున్నరు. నేను కండ్లు నలుసుకొని మళ్ల చూసిన. ఇద్దరే. పోయి అడిగిన గూడ. నన్ను గుర్తువట్టిన్రు. ఒక పిల్ల చదువు బంద్ చేసి పత్తి జిన్నింగ్ మిల్లుకు పోతున్నదట."

రెండు రోజులు ఎందుకు ఆగావని అడగలేదు. ఎందుకు ఆగాడో నాకు తెలుసు. ఆ ఏడాది నాతో ఎవరైనా నువ్వు తప్పు అని చెప్పాలంటే రెండు రోజులు ధైర్యం కూడగట్టుకోవలసిందే.

ఫైలు తెప్పించాను. జిరాక్సు అందులోనే ఉంది. నంబరు పూర్తిగా వేరే. నెట్ సెంటర్ ఆయన అక్క దరఖాస్తు నింపి, దాన్నే కాపీ చేసి చెల్లెది నింపుతూ పేరు, ఫొటో మార్చాడు, ఆధార్ మార్చడం మరిచిపోయాడు. దాని కింద కాలేజీ నుంచి ఒక ఉత్తరం. ఇద్దరూ మా విద్యార్థులే, కవలలు, దయచేసి పరిశీలించగలరు అని ఉంది. చివర 'చూశాను' అని నా పొట్టి సంతకం. ఆ ఉత్తరం చదివిన గుర్తు నాకు లేదు.

కొట్టేసిన దరఖాస్తును తిరిగి తెరవాలంటే పిల్లలిద్దరూ మా జిల్లా అధికారి ముందు నిలబడి వేలిముద్ర వేయాలి. పొరపాటు ఎట్లా జరిగిందో నేను రాసివ్వాలి. ఆ ఏడాదికి అట్లా తెరిచే గడువు మర్నాడు సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది.

మా అధికారి నా మాట పూర్తిగా విన్నారు. "మీరే కొట్టేసిన్రు, మీరే తెరువుమంటున్రు" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "రేపు అయిదు లోపల ఇద్దరిని నా ముందల నిలవెట్టుండ్రి. అయిదు దాటితే కంప్యూటర్ నా మాట గూడ వినదు."

దరఖాస్తులో ఉన్న ఫోన్ నంబరుకు చేశాను. అది నెట్ సెంటర్ వాళ్లది. కాలేజీకి చేస్తే అక్కడి క్లర్క్ అన్నాడు, "పెద్ద పిల్ల వస్తుంది మేడం. చిన్న పిల్ల ఫస్ట్ సెమిస్టర్ రాసి మానేసింది. మేము లెటర్ పంపినం గదా?" నేను ఊరి పేరు, దారి అడిగి పెట్టేశాను.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు అటెండర్, నేను బోథ్ పోయాం. అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా పత్తి చేలు, ఆఖరి ఏరుడు అయిపోతున్నట్టున్నాయి. ఆటోలో కూర్చుని ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

ఇంటి ముందు ఒకామె కొంగు నడుముకు చుట్టుకుని చేనుకు బయలుదేరుతోంది. పిల్లల తల్లి అని అటెండర్ చెప్పాడు. నన్ను చూపించి, "ఆదిలాబాద్ ఆఫీస్ మేడం" అన్నాడు.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "గీమెనా? నా బిడ్డను పది మందిల దొంగ జేసింది గీమెనేనా?"

"నేనే" అన్నాను. "తప్పు నాది. సరిజేయనీకె వచ్చిన. ఇయ్యాల అయిదు లోపల ఇద్దరు పిల్లలు ఆఫీసుల ఉండాలె."

"మళ్ల పిలిచి మళ్ల నవ్వుతరా?"

ఆమె గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"నెల దాటింది నా చిన్న బిడ్డ ఆదిలాబాద్‌ల మా చెల్లె ఇంట్ల ఉండి మిల్లుకు పోవట్టి. దూది మింగి దగ్గుతోని నిద్ర వోతలేదు. మీ పిల్లలైతే గిట్లనే చేద్దురా? మీకేం ఎరుక మేడం మా బాధ?"

మా బాపు మగ్గాల సంగతి, నా స్కాలర్‌షిప్ సంగతి నోటిదాకా వచ్చాయి. చెప్పలేదు. అన్నీ ఎరుక ఉండి కూడా ఇట్లా చేశానంటే నా తప్పు ఇంకా పెద్దదవుతుంది తప్ప తగ్గదు.

లోపల మంచం మీది నుంచి తండ్రి గొంతు వినబడింది. "పంపవే. తప్పైందని ఇంటిదాంక వచ్చింది గదా."

"నువ్వూకో" అంది ఆమె లోపలికి. "నోటితోని అనుడు అల్కగనే ఉంటది. కాయితం మీద రాస్తదా?"

"రాస్త" అన్నాను. "మీ ముంగటనే రాస్త."

కాలేజీకి సెలవై ఇంట్లోనే ఉన్న పెద్ద పిల్ల నోటుబుక్కు ఒకటి తెచ్చి ఇచ్చింది. అరుగు మీద కూర్చుని రాశాను. ఫలానా విద్యార్థినుల దరఖాస్తులను నేను సరిగా పరిశీలించలేదని, పిలిపించి చూడకుండానే ఒకదాన్ని కొట్టేశానని, వాళ్లు చెప్పింది నిజమని, ఆఫీసులో అందరి ముందూ వాళ్లను అవమానించానని. సంతకం చేసి, హోదా రాసి, పైకి చదివి వినిపించాను. ఎన్నో వేల కాగితాలు రాసిన చేయి నాది. ఆ పది వాక్యాలకు పట్టినంత సేపు దేనికీ పట్టలేదు. ఆమె ఆ కాగితం మడిచి జాకెట్‌లో పెట్టుకుంది. "తోలుకపోండ్రి" అంది. "నేను రాను. ఈయన దగ్గర ఎవరుంటరు?"

పెద్ద పిల్ల నోటుబుక్కుల సంచి తీసుకుని మాతో వచ్చింది. బస్సులో నా పక్కన కూర్చుంది. సంచిలో అన్ని నోటుబుక్కులు ఎందుకని నేనే అడిగాను. ప్రతి పాఠం రెండు పుస్తకాల్లో రాస్తానంది, ఒకటి తనకు, ఒకటి చెల్లెకు. సెలవు దొరికిన రోజు చెల్లెకు చెబుతుందట. "పరీక్ష ఒక్కలమే రాసినా ఇద్దరికి రావాలె గదా మేడం" అంది.

దారిలో బస్సు చెడిపోయింది. ఇంకో బస్సు దొరికి ఆదిలాబాద్ చేరేసరికి మూడున్నర. తిన్నగా మిల్లుకు పోయాం. అది మా ఆఫీసుకు రెండు కిలోమీటర్లు కూడా లేదు. నెలకు పైగా ఆ పిల్ల నాకు అంత దగ్గర్లోనే ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. షిఫ్ట్ ఆరింటికి గాని వదలరన్నాడు. నేను ఐడీ కార్డు చూపించాను. ఆయనకు అది పట్టలేదు. అటెండర్ ముందుకొచ్చి, "దాదా, సర్కారీ కామ్ ఆహే, లవకర్ బోలావ్" అన్నాడు. సర్కారు పని, జల్దీ పిలువు అని. తరువాత ఇద్దరూ మరాఠీలో ఏవో ఊళ్ల పేర్లు, చుట్టాల పేర్లు చెప్పుకున్నారు. వాచ్‌మన్ లోపలికి పోయాడు.

చిన్న పిల్ల బయటికి వచ్చింది. జుట్టు, కనుబొమలు దూదితో తెల్లగా ఉన్నాయి. నన్ను చూడగానే ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనేం జేయలే మేడం" అంది.

నా ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్లున్నారు, నా మీద పై అధికారులకు ఫిర్యాదు చేసినవాళ్లున్నారు. ఆ మూడు మాటలంత గట్టిగా ఎవరూ నన్ను కొట్టలేదు. అక్క పరుగెత్తి పోయి చేయి పట్టుకుని అంతా చెప్పింది. పిల్ల విని, నన్ను చూసి, మళ్లీ అక్కను చూసి, "నిజమేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఆఫీసుకు చేరేసరికి నాలుగుంబావు. అధికారి గదికి తాళం. కలెక్టరేట్‌లో అర్జెంట్ మీటింగ్‌కు పోయారన్నారు. ఫోన్ ఎత్తడం లేదు. పిల్లలిద్దరినీ నా టేబుల్ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టాను. సెక్షన్‌లో అందరూ ఒకరి తరువాత ఒకరు తలెత్తి ఆ ఇద్దరినీ చూశారు. ఎవరూ నవ్వలేదు. డిసెంబర్‌లో ముందుగా నవ్విన టైపిస్ట్ లేచి పోయి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నేను ఫైలు రాయడం మొదలుపెట్టాను. మా సీనియర్ అసిస్టెంట్ నా వెనక నిలబడి మెల్లగా అన్నాడు, "మేడం, నెట్ సెంటర్ ఆయన తప్పని రాయుండ్రి, అయిపోతది. అది అబద్ధం గూడ గాదు. మీ మీద ఎందుకు వేసుకుంటున్రు?" నా మంచి కోరే చెప్పాడు. అబద్ధం కాదన్నది కూడా నిజమే. కానీ పొద్దున అరుగు మీద రాసింది ఒకటి, ఇక్కడ ఫైల్లో ఇంకొకటి రాయడానికి చేయి రాలేదు. నెట్ సెంటర్ సంగతి ఒక వాక్యం రాశాను. మిగతాదంతా నా సంగతి రాశాను.

నాలుగున్నర దాటింది. అటెండర్ గేటు దాకా పోయి వస్తున్నాడు. పావు తక్కువ అయిదింటికి జీపు చప్పుడైంది. మా అధికారి దిగి నేరుగా లోపలికి వచ్చారు. పిల్లలిద్దరూ లేచి నిలబడ్డారు. ఆయన ఒకరిని చూశారు, ఇంకొకరిని చూశారు, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఇద్దరిల కొట్టేసిన పిల్ల ఎవరు?"

చిన్న పిల్ల చేయెత్తింది.

అక్క వేలిముద్ర వెంటనే పడింది. చెల్లెది పడలేదు. మళ్లీ పెట్టింది, పడలేదు. మిల్లు నూనె, దూది వేళ్లకు అంటుకుని ఉన్నాయి. గోడ గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను. పది నిమిషాలు తక్కువ అయిదు. అటెండర్ మగ్గుతో నీళ్లు, సబ్బు తెచ్చాడు. పిల్ల వరండాలో చేతులు రుద్దుకుంది. అక్క తన చున్నీతో ఒక్కొక్క వేలు తుడిచింది. ఈసారి పెట్టగానే యంత్రం మీద పచ్చ దీపం వెలిగింది. స్క్రీన్ మీద ఆ పిల్ల పేరు, సరైన చివరి అక్షరంతో వచ్చింది. మా అధికారి దరఖాస్తు తెరిచి మంజూరు చేశారు.

"అయిపోయిందా సార్?" అని అడిగింది అక్క.

"అయిపోయింది బిడ్డా."

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. చెల్లె నా వైపు చూసి, "మేడం, మీరు నీళ్లు తాగుండ్రి" అంది. పొద్దుటి నుంచి నేను నీళ్లు తాగలేదన్న సంగతి అప్పుడే తెలిసింది. ఆ శనివారం కరీంనగర్ బస్సులో కూర్చున్నది గుర్తుంది, తరువాత ఏ ఊరు వచ్చిందో గుర్తు లేదు. కరీంనగర్ బస్టాండులో కండక్టర్ భుజం తట్టి లేపాడు. నాలుగైదు నెలల్లో అంత నిద్ర పట్టింది అదే.

సంజాయిషీ అడుగుతూ నాకు మెమో ఇచ్చారు. ఇవ్వవలసిందే. మీటింగ్‌లో మెచ్చుకున్న ఆ పెద్ద అధికారి సంతకంతోనే వచ్చింది. సమాధానంలో తప్పు ఒప్పుకున్నాను. అది నా సర్వీసు రిజిస్టర్‌లో ఇప్పటికీ ఉంటుంది. చిన్న పిల్ల ఆ మరుసటి వారమే కాలేజీకి పోయింది. పాఠాలన్నీ రెండో పుస్తకంలో సిద్ధంగా ఉన్నాయి కాబట్టి వెనకబడలేదని క్లర్క్ చెప్పాడు. ఆ తరువాత నా సెక్షన్‌లో అనుమానం వచ్చిన ప్రతి పిల్లకూ ముందు ఉత్తరం పోయేది. రాలేనన్న పిల్ల దగ్గరికి మాలో ఒకరం పోయేవాళ్లం. పని ఆలస్యమవుతోందని రెండుసార్లు నోటీసులు కూడా వచ్చాయి. వాటికి జవాబు రాయడం నాకు కష్టమనిపించలేదు.

పిల్లలారా, దొంగలు లేరని నేను చెప్పను. మీసం గీసిన ఫొటోలు మీకూ వస్తాయి, పట్టుకోవలసిందే. కానీ పట్టుకున్నానని సంబరపడే ముందు ఒక్కసారి కుర్చీలోంచి లేవండి. మనిషిని చూడండి.

తిరిగి కరీంనగర్‌కు బదిలీ అయ్యాక, రిటైర్మెంట్ ఇంకా కొన్ని నెలలుందనగా, ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వినగానే గుర్తుపట్టాను. పిల్లల తల్లి.

"మేడం, ఇద్దరు డిగ్రీ పాసైన్రు" అంది.

నేను సంతోషంతో ఏదేదో మాట్లాడాను. ఎవరికి ఎన్ని మార్కులని, ముందు ఏం చదువుతారని, ఇంటాయన ఎట్లా ఉన్నాడని అడిగాను. ఆమె అన్నిటికీ ఓపికగా చెప్పింది. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పింది.

"నా కోపం పోయిందనుకోకుండ్రి మేడం" అంది. "జర తగ్గింది. గంతే."